ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ఇంటి పన్ను మాట ఎత్తితే విజయవాడలో ఎవరికీ మనసు కుదుటగా ఉండదు. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలోని పట్టణాల్లో పన్ను లెక్కించే పద్ధతి మారింది. అంతకు ముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసి పన్ను వేసేవారు. ఇప్పుడు స్థలం, కట్టడం కలిపి ఆస్తి విలువ ఎంతో చూసి వేస్తున్నారు. పెంపు ఒక్కసారిగా మీద పడకుండా ఏడాదికి 15 శాతం మించరాదని హద్దు పెట్టారు. కానీ ఆ 15 శాతం ఏటా తలుపు తడుతూనే ఉంటుంది. అదే ఏడాది చెత్త పన్ను వచ్చింది. జనం విసిగిపోయారు. 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. ఈ గొడవలన్నిటి మధ్య ఎవరూ పెద్దగా గమనించని చిన్న మొత్తం ఒకటి మన ఇంటి పన్నుతో పాటే ఏటా వెళ్లిపోతోంది. దాని పేరు గ్రంథాలయ సెస్సు. ఈ వారం దాని గురించి సంఘాలతో మాట్లాడాలని మేము అనుకున్నాం.

పట్టణమైనా పల్లె అయినా ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ఈ సెస్సు కలుస్తుంది. రెండు వేల రూపాయల పన్ను కట్టే కుటుంబం నూట అరవై రూపాయలు గ్రంథాలయాల కోసం కడుతోంది. ఏడాది మొత్తానికి నూట అరవై అంటే ఎవరికీ బరువు కాదు. అందుకే ఎవరూ అడగరు కూడా. ఒక సంఘంలో రెండు వందల కుటుంబాలు ఉన్నాయనీ, ఒక్కో కుటుంబం పదిహేను వందల రూపాయల ఇంటి పన్ను కడుతోందనీ అనుకుందాం. ఆ ఒక్క సంఘం నుంచే ఏడాదికి ఇరవై నాలుగు వేల రూపాయలు గ్రంథాలయాల పేరున వెళ్తాయి. ఒక వీధి, ఒక వార్డు, ఒక నగరం అని లెక్క పెంచుకుంటూ పోతే అది ఎంత సొమ్మో తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. మామూలు పన్ను ప్రభుత్వ ఖజానాలో కలిసిపోతుంది. దాన్ని రోడ్డుకు వాడతారో జీతాలకు వాడతారో పాలకుల నిర్ణయం. ఈ సెస్సు అలాంటిది కాదు. ఒకే ఒక్క పని కోసం, ఆ పని పేరు చెప్పి, మన దగ్గర తీసుకునే సొమ్ము ఇది. కానుకల పెట్టెలో "మందిర నిర్మాణం కోసం" అని కవరు మీద రాసి వేసిన కానుకతో దీన్ని పోల్చవచ్చు. ఆ కవరులోని డబ్బు మరో పనికి వాడితే సంఘంలో ఏమవుతుందో మనకందరికీ తెలుసు.

ఈ సెస్సు మన నేల మీద పుట్టిన ఆలోచన

ఈ ఎనిమిది పైసలు ఏదో ఢిల్లీ ఆఫీసులో పుట్టినవి కావు. వాటి వెనుక బెజవాడ చరిత్ర ఉంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్ర దేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. దాన్ని ఏర్పాటు చేయడంలో ముందు నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా ఆ పనికే అంకితమయ్యారు. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అప్పట్లో ఊరూరా చందాలు పోగుచేసి, ఒకరి వసారాలోనో ఒకరి సావిట్లోనో నాలుగు పుస్తకాలు పెట్టి గ్రంథాలయం అన్నారు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో డెల్టాకు కాలువే దారి. ఆ దారినే చదువు కూడా ప్రయాణం చేసింది.

చందాల మీద నడిచే పని ఎంతకాలం నిలుస్తుంది? ఇచ్చే చేయి అలసిపోతే ఆగిపోతుంది. అందుకే గ్రంథాలయాలకు చట్టం కావాలనీ, స్థిరమైన ఆదాయం కావాలనీ ఉద్యమకారులు కోరారు. ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అప్పుడు మన డెల్టా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆస్తి పన్ను రూపాయికి అర్ధణా చొప్పున గ్రంథాలయాలకు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చింది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. సెస్సు తరవాత రూపాయికి ఎనిమిది పైసలకు చేరింది.

అంటే ఇరుగుపొరుగు కలిసి తమ ఊరి చదువును నిలబెట్టుకోవడానికి ఇంటి పన్ను మీద కొంచెం అదనంగా వేసుకునే పద్ధతి మనకు డెబ్బై ఏళ్లకు పైగా అలవాటే. ఇప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల ఇదే పద్ధతిని పాత కట్టడాలకు, ఖాళీ స్థలాలకు, పేదల ఇళ్లకు వాడుతున్నారు. మనం మాత్రం మన దగ్గర ఉన్నదాన్ని మరిచిపోయాం.

సొమ్ము ఎక్కడ ఆగుతోంది

చట్టం చెప్పే దారి సూటిగా ఉంది. సెస్సు వేసేది జిల్లా గ్రంథాలయ సంస్థ. ఇంటి పన్నుతో కలిపి దాన్ని వసూలు చేసేది కార్పొరేషన్, మున్సిపాలిటీ, లేక పంచాయతీ. వసూలైన దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సంస్థ ఆ డబ్బుతో పుస్తకాలు, పత్రికలు కొనాలి, భవనాలు చూసుకోవాలి.

దారి మధ్యలో ఒక మలుపు ఉంది. డబ్బు ముందుగా చేరేది స్థానిక సంస్థ ఖాతాలోకి. ఆ ఖాతాకు ఎప్పుడూ కరువే. కరెంటు బిల్లు కట్టాలి, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఇవ్వాలి, పైపు పగిలితే అతికించాలి. అవన్నీ ఈ రోజు తీరాల్సిన అవసరాలు. గ్రంథాలయ సంస్థ మాత్రం అరవదు. పుస్తకం కొనకపోతే మర్నాడు రోడ్డెక్కి ధర్నా చేసేవారు ఉండరు. అందుకే "తరవాత ఇద్దాం" అనే మాట ఏళ్ల తరబడి సాగుతోంది. స్థానిక సంస్థల నుంచి సెస్సు బకాయిలు రావడం లేదని గ్రంథాలయ సిబ్బంది, గ్రంథాలయ సంఘాలు ఏనాటి నుంచో చెబుతున్న మాట. ప్రభుత్వ లెక్కల తనిఖీల్లోనూ ఈ సంగతి కొత్తేమీ కాదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే కథ. కాబట్టి దీన్ని ఒక పార్టీ తప్పుగా చూపించాలని మేము అనుకోవడం లేదు.

రెండో చిక్కు గ్రంథాలయ సంస్థల పాలనలో ఉంది. వాటి అధ్యక్షులను ప్రభుత్వం నియమిస్తుంది. ప్రభుత్వం మారితే అధ్యక్షులు మారతారు. కొంతకాలం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. నియమితులైనవారు పార్టీకి సేవ చేసినందుకు వచ్చిన పదవిగా దాన్ని చూస్తే, కార్పొరేషన్ గడప తొక్కి "మా సొమ్ము ఇవ్వండి" అని అడిగేది ఎవరు? పన్ను కట్టేవారికీ ఆ పన్నుతో నడిచే సంస్థకూ మధ్య సంబంధం తెగిపోయింది. అసలు జబ్బు అదే.

ఫలితం ఏమిటో తెలుసుకోవాలంటే ఏ శాఖా గ్రంథాలయానికైనా ఉదయం పూట వెళ్లి చూడండి. అక్కడ కూర్చునేది పాత తరం పాఠకులు మాత్రమే కాదు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదివే యువతీ యువకులు. ఇంట్లో ఒకే గది, దాంట్లోనే వంట, దాంట్లోనే టీవీ. చదువుకోవడానికి చోటు కోసం వస్తారు. ఒక ఫ్యాను, ఒక బల్ల, ఈ ఏటి పోటీ పరీక్షల పుస్తకం, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు. ఆడపిల్లలకు ఆ చివరి అవసరం మరీ ముఖ్యం. అది లేని చోట వారు రావడమే మానేస్తారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. బియ్యం, బట్టలు, మంచాలతో పాటు పిల్లల పుస్తకాలూ ఆ బురదలో కలిసిపోయాయి. ఆ రోజుల్లో అన్నం పొట్లాలు, తాగునీరు మోసుకెళ్లినవారిలో మన సంఘాలవారూ ఉన్నారు. ఇల్లు మళ్లీ నిలబడటానికి నెలలు పడుతుంది. అలాంటి నెలల్లో నడిచి వెళ్లగలిగినంత దూరంలో తెరిచి ఉన్న గ్రంథాలయం ఒకటి ఉంటే పరీక్ష ముందున్న పిల్లకు అదే ఆసరా. ఒక సమాజాన్ని కాపాడుకోవడం అంటే పాత గోడలకు సున్నం వేయడం మాత్రమే కాదని బుడమేరు మనకు చెప్పింది.

యోవాషు కాలపు పెట్టె

లేఖనాల్లో ఈ సంగతికి దగ్గరగా ఉన్న కథ ఒకటి ఉంది. రాజుల రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయం తెరిచి చదవండి. యోవాషు రాజు మందిరాన్ని బాగుచేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. జనం తెచ్చే సొమ్ము యాజకులు తీసుకుని, శిథిలమైన చోట్లు బాగుచేయించాలి. ఆయన ఏలుబడిలో ఇరవై మూడో సంవత్సరం వచ్చింది. సొమ్ము వస్తూనే ఉంది, గోడలు మాత్రం పగిలినవి పగిలినట్టే ఉన్నాయి. యాజకులు దొంగలని ఆ గ్రంథం చెప్పదు. వారికి రోజువారీ అవసరాలు ఉన్నాయి. ఒకే చేతిలో అన్ని రకాల సొమ్మూ కలిసిపోతే బాగుచేసే పని ఎప్పుడూ రేపటికి వాయిదా పడుతుంది.

అప్పుడు రాజు యెహోయాదానూ మిగతా యాజకులనూ పిలిచి ఎందుకు బాగుచేయలేదని నేరుగా అడిగాడు. ఆ ప్రశ్న తరవాతే పెట్టె వచ్చింది. మూతకు బెజ్జం చేసి బలిపీఠం దగ్గర అందరికీ కనబడే చోట పెట్టారు. పెట్టె నిండినప్పుడు లెక్కించింది ఒక్కరు కాదు. రాజు తరఫున లేఖకుడు, మందిరం తరఫున ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కించారు. ఆ సొమ్ము వడ్రంగులకు, రాళ్లు చెక్కేవారికి, కలపకు, రాళ్లకు వెళ్లింది. ఆ సొమ్ముతో వెండి పాత్రలు కూడా చేయించలేదని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. పాత్రలు మందిరానికి పనికిరావా? వస్తాయి. కానీ సొమ్ము ఇచ్చింది గోడల కోసం. పని ముగిశాక మిగిలిన సొమ్ముతోనే పాత్రలు చేయించారని దినవృత్తాంతముల రెండవ గ్రంథం చెబుతుంది.

ఇంతకు మించిన ఆర్థిక సూత్రం ఏ కమిషన్ నివేదికలోనూ ఉండదని మేము అనుకుంటున్నాం. ఒక పనికి పోగుచేసిన సొమ్ము విడిగా ఉండాలి. అది అందరి కంటికీ కనబడాలి. ఒకరు కాక ఇద్దరు లెక్కించాలి. మంచి పనైనా సరే, మరో పనికి ముందుగా వాడరాదు. మన గ్రంథాలయ సెస్సుకు కావలసింది ఈ నాలుగే.

మరో చోట ఎలా చేస్తున్నారు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2000లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ఏ ఊరైనా తన ఇంటి పన్ను మీద మూడు శాతం దాకా అదనపు పన్ను వేసుకోవచ్చు. అయితే పైనుంచి ఎవరూ రుద్దరు. ఊరివాళ్లే ఓటు వేసి ఒప్పుకోవాలి. బోస్టన్ నగరం 2016లో ఒక శాతానికి ఒప్పుకుంది. ఆ రాష్ట్రంలో ఉన్న 351 నగరాలు, పట్టణాల్లో సగానికి మించి ఈ పద్ధతిలో చేరాయి. వచ్చిన సొమ్ములో చారిత్రక కట్టడాలకు, ఖాళీ స్థలాలకు, తక్కువ ఆదాయం ఉన్నవారి ఇళ్లకు ఒక్కోదానికి కనీసం పది శాతం కేటాయించాలి. ఊరివాళ్లతో ఒక కమిటీ ఉంటుంది. ఏ పనికి ఎంత ఇవ్వాలో అది సిఫారసు చేస్తుంది. రాష్ట్రం తన నిధి నుంచి కొంత జోడిస్తుంది. పేద కుటుంబాలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు ఉంది.

మన సెస్సుకూ దానికీ ఉన్న తేడా శాతంలో లేదు. నిజానికి మన ఎనిమిది శాతం వారి మూడు శాతం కంటే ఎక్కువ. తేడా ఎక్కడంటే, అక్కడ పన్ను కట్టేవాడు ముందు ఒప్పుకుంటాడు, తరవాత ఫలితం చూస్తాడు. మన కేరళలో కూడా కట్టడాల పన్ను మీద ఐదు శాతం గ్రంథాలయ సెస్సు ఉంది. అక్కడ ఊరి గ్రంథాలయాల ప్రతినిధులు ఎన్నుకునే గ్రంథాలయ కౌన్సిల్ దాన్ని చూసుకుంటుంది. చదివేవారికీ నడిపేవారికీ మధ్య బంధం తెగలేదు.

మసాచుసెట్స్‌లో జరిగిన ఒక సంగతి సంఘాలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆక్టన్ అనే ఊళ్లో ఒక పాత చర్చి ఈ నిధి నుంచి తన రంగు అద్దాల కిటికీలను బాగుచేయడానికి గ్రాంటు కోరింది. ఊరి పన్ను సొమ్ము చర్చికి ఎలా ఇస్తారని కొందరు కోర్టుకు వెళ్లారు. 2018లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ కిటికీల గ్రాంటును ఆపింది. మన దేశంలో కూడా రాజ్యాంగం 27వ అధికరణం ఉంది. ఏదైనా ఒక మతాన్ని పెంపొందించడానికి ప్రత్యేకంగా కేటాయించే పన్నును ఎవరి చేతా బలవంతంగా కట్టించరాదన్నది దాని సారం. అది మనకు వ్యతిరేకమైన నియమం కాదు. మనల్ని కాపాడే నియమం. మన పన్నుతో మరొకరి గుడి కట్టరాదని కోరుకునే మనం, పొరుగువాడి పన్నుతో మన చర్చి గోపురానికి రంగు వేయమని అడగకూడదు. వందేళ్లు దాటిన చర్చి భవనాలు, మిషనరీల సమాధులు, పాత బాప్తిస్మ రిజిస్టర్లు మన డెల్టాలో ఉన్నాయి. వాటిని కాపాడుకోవాల్సింది మన కానుకలతో. గ్రంథాలయం సంగతి వేరు. అది అందరిదీ.

"ఇప్పటికే మోయలేక చస్తున్నాం" అనే మాట

ఈ వ్యాసం చదివి కొందరు కోప్పడతారని మాకు తెలుసు. పన్నుల మీద పన్నులు వేస్తుంటే పత్రిక కూడా వాటినే సమర్థిస్తోందా అని అడగవచ్చు. ఆ కోపంలో న్యాయం ఉంది. నెహెమ్యా గ్రంథం ఐదవ అధ్యాయంలో రాజుకు పన్ను కట్టడానికి పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టిన పేదల ఏడుపు ఉంది. నెహెమ్యా వారిని దేశభక్తి లేనివారని తిట్టలేదు. కోపగించుకుని ప్రధానులను నిలదీశాడు. అధిపతిగా తనకు రావలసిన భత్యం కూడా తీసుకోలేదు. అదే గ్రంథం పదవ అధ్యాయంలో అదే జనం తమంతట తామే ఏటా తులంలో మూడవ వంతు మందిర సేవకు ఇస్తామని నిబంధన చేసుకున్నారు. భారం ఎక్కువైతే మొరపెట్టుకున్నవారే, ఉద్దేశం తెలిసి, నమ్మకం కుదిరినప్పుడు ఇష్టంగా ఇచ్చారు. జనానికి అసలు కష్టం ఇవ్వడంలో కాదు, ఇచ్చింది ఏమైందో తెలియకపోవడంలో ఉంది.

అందుకే మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాం. ఏ మంచి పేరు మీదైనా కొత్త సెస్సు వేసే ముందు ఉన్న సెస్సుకు లెక్క చెప్పాలి. కాలువ గట్ల బాగుకనో, పాత కట్టడాల రక్షణకనో రేపు ఎవరైనా కొత్త సెస్సు తీసుకొస్తే, ఆ ఆలోచన మంచిదే కావచ్చు. కానీ ఎనిమిది పైసల దగ్గర నమ్మకం నిలబెట్టుకోని వ్యవస్థ పదహారు పైసల దగ్గర నిలబెట్టుకుంటుందని ఎలా నమ్మాలి? కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలో నమ్మకంగా ఉంటాడని మన ప్రభువు నేర్పిన సంగతి మనకు తెలుసు.

ఫోనులోనే అంతా ఉంది, గ్రంథాలయం ఎందుకు అనే ప్రశ్న రెండోది. ఫోనులో చాలా ఉంది, నిజమే. నిశ్శబ్దం లేదు. బల్ల లేదు. పక్కన కూర్చుని చదివే తోటివారు లేరు. పోటీ పరీక్షల కోచింగుకు, ప్రైవేటు రీడింగ్ రూముకు నెల నెలా డబ్బు కట్టగలవారికి ప్రభుత్వ గ్రంథాలయం అవసరం ఉండకపోవచ్చు. కట్టలేనివారి సంగతి మనం ఆలోచించాలి.

ఆ కట్టలేనివారు ఎవరు? డెల్టాలోని మన సంఘాల్లో ఎక్కువ మంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. వరి చేలల్లో కూలి చేసిన తాతల మనవలు, మనవరాళ్లు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగి, 1843లో అక్కడ బడి తెరిచిన నాటి నుంచి నేటి దాకా ఈ నేల మీద సువార్తా, చదువూ ఒకే దారిన నడిచాయి. అక్షరం మన పెద్దలకు వారసత్వంగా రాలేదు. ఎవరో తలుపు తెరిస్తే వచ్చింది. ఇప్పుడు మన పిల్లలు ఇంజనీర్లు, నర్సులు, ఉపాధ్యాయులు అయ్యారు. పటమటలోనో భవానీపురంలోనో ఫ్లాటు కొన్నారు. ఆ ఫ్లాటు పన్ను మీద వచ్చే ఎనిమిది పైసలే ఇంకా ఒంటిగదిలో చదువుతున్న మరో పిల్లకు తలుపు. అది మూసి ఉంటే మనకు పట్టదా?

సంఘాలు ఏం చేయాలి

మొదటిది, పన్ను కట్టాలి. కైసరు బొమ్మ ఉన్న నాణెం గురించి ప్రభువు చెప్పిన జవాబు తెలియని విశ్వాసి లేడు. ఏడాది పన్ను ఏప్రిల్ నెలాఖరులోగా ఒకేసారి కడితే ఐదు శాతం తగ్గింపు ఉంటుంది. సంఘంలో ప్రకటనల సమయంలో ఈ మాట చెప్పడం తప్పు కాదు.

రెండోది, కట్టినవారు అడగాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. కార్పొరేషన్‌కు, మున్సిపాలిటీకి, పంచాయతీకి ఒక తెల్ల కాగితం మీద మూడు ప్రశ్నలు చాలు. గత మూడేళ్లలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత డిమాండు వేశారు? ఎంత వసూలైంది? వసూలైన దానిలో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు? గ్రంథాలయ సంస్థను రెండు అడగాలి. ఎంత అందింది? దానిలో పుస్తకాలకు, పత్రికలకు ఎంత ఖర్చయింది? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం చెబుతోంది. యోవాషు కూడా ఎవరినీ నిందించలేదు, ఎందుకు బాగుచేయలేదని అడిగాడు. అంతే. అధికారిని అవమానించే భాష వద్దు, తిట్లు వద్దు. జవాబు వస్తే దాన్ని సంఘం నోటీసు బోర్డు మీద పెట్టండి. రాకపోతే అప్పీలు చేయండి. ఈ పని ఒక్క సంఘం కాక, ఆ వీధిలోని ఇతర మతాల పెద్దలతో కలిసి చేస్తే ఇంకా మంచిది. గ్రంథాలయం క్రైస్తవులది కాదు, హిందువులది కాదు, ముస్లింలది కాదు. వార్డులో అందరిదీ.

మూడోది, ప్రభుత్వాన్ని కోరాలి. సెస్సు వసూలైన రోజే గ్రంథాలయ సంస్థ ఖాతాలోకి విడిగా వెళ్లేలా ఏర్పాటు చేయడం ఈ రోజుల్లో కష్టం కాదు. పన్ను ఆన్‌లైన్‌లో కడుతున్నాం. కట్టిన నిమిషంలోనే రశీదు వస్తోంది. అదే నిమిషంలో ఎనిమిది పైసలు తమ దారిన తాము వెళ్లవచ్చు. స్థానిక సంస్థ ఖాతాలో నిద్రపోయే అవసరమే ఉండదు. మనం అడిగే పెట్టె అదే, మూతకు బెజ్జం ఉన్న పెట్టె. దానితో పాటు ప్రతి శాఖా గ్రంథాలయానికి పాఠకుల కమిటీ ఉండాలి. ఆ ఏడాది ఏ పుస్తకాలు కొనాలో చదివేవారిని అడగాలి.

నాలుగోది మనకు కొంచెం గుచ్చుకునే మాట. ఆరాధన కోసమే వాడే కట్టడాలకు ఆస్తి పన్ను మినహాయింపు ఉంది. చర్చి, గుడి, మసీదు అన్నిటికీ అంతే. పన్ను లేని చోట దాని మీద సెస్సూ లేదు. అంటే మన మందిరాలు నగరం మధ్యలో నిలబడి, రోడ్డు, నీరు, వీధి దీపం అన్నీ వాడుకుంటూ, ఆ ఎనిమిది పైసల నుంచి కూడా తప్పించుకున్నాయి. ఈ మినహాయింపు మన హక్కు అని ఊరుకోవచ్చు. లేదా పొరుగువారికి మనం పడిన బాకీ అని తలచవచ్చు. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు తాళం వేసి ఉండే హాళ్లు మన సంఘాలకు ఎన్ని ఉన్నాయి? ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒక గది తెరిచి, ఫ్యాన్లు, బల్లలు వేసి, ఏ మతం పిల్లలైనా వచ్చి చదువుకోవచ్చని బోర్డు పెట్టండి. ప్రార్థనకు రమ్మని ఒత్తిడి పెట్టకండి, కరపత్రం చేతిలో పెట్టకండి. చదువుకోనివ్వండి. అదే సాక్ష్యం.

చివరిది లెక్కల సంగతి. కార్పొరేషన్‌ను లెక్క అడిగే సంఘం తన లెక్క ముందు బయట పెట్టాలి. కట్టడాల నిధి, వరద సహాయ నిధి, బీదల నిధి అని విడివిడిగా తీసుకున్న కానుకలు విడివిడిగానే ఖర్చయ్యాయా? ఏటా సంఘ సభ్యుల ముందు ఆడిట్ చదువుతున్నారా? సంఘ స్థలంలోని దుకాణాల అద్దె ఎంత, ఎవరి ఖాతాలోకి వెళ్తోంది? ఈ ప్రశ్న వేసినవారిని తిరుగుబాటుదారులుగా చూసే సంఘం, సమాచార హక్కు దరఖాస్తు పట్టుకుని మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కితే లోకం నవ్వుతుంది. తీర్పు దేవుని ఇంటి దగ్గర నుంచే మొదలవుతుందన్నది మనం ఇతరులకు చెప్పే బోధ కాదు. మనకు మనం చెప్పుకోవలసినది.

నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ లేచింది ఎలాగో మూడవ అధ్యాయంలో ఉంది. పెద్ద పథకమేమీ లేదు. చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడను వారే బాగుచేసుకున్నారు. తెకోవ ఊరి ప్రజలు పని చేశారు కానీ, వారిలోని ఘనులు మాత్రం మెడ వంచలేదని కూడా అక్కడే రాసి ఉంది. పేర్లు రాసిన ఆ జాబితాలో పని చేసినవారూ ఉన్నారు, చేయనివారూ ఉన్నారు. మన వార్డులో, మన ఊళ్లో, మన ఇంటి ఎదుట ఉన్న గ్రంథాలయం ఎలా ఉందో ఈ వారం ఒకసారి చూసి రండి. అక్కడ ఎవరు చదువుతున్నారో, ఏ పుస్తకం దొరక్క వెనుదిరుగుతున్నారో కనుక్కోండి. తరవాత ఇంటి పన్ను రశీదు తీసి, అందులో గ్రంథాలయానికి వెళ్లవలసింది ఎంతో లెక్కించండి. ఆ అంకె, ఆ గది, రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? సరిపోకపోతే మనం మౌనంగా ఉండటానికి కారణం ఏమీ లేదు.